బెంచీ మీద తప్పు, కోచ్‌కు శిక్ష

పిల్లలూ, బాస్కెట్‌బాల్ జట్టులో 12 మంది ఉన్నా కోర్టులో ఆడేది ఐదుగురే. మిగిలినవారు సబ్‌స్టిట్యూట్లుగా బెంచీ మీద కూర్చుంటారు. బదిలీ మీద కొత్త బడికి వచ్చిన ఏడాది మనలో చాలామందికి ముందు దొరికేది ఆ బెంచీయే. అక్కడి నుంచి ఒకరు రిఫరీని వెక్కిరించారనుకోండి. ఆ ఆటగాడు ఇంకా ఆటలోకి దిగనేలేదు కదా, మరి శిక్ష ఎవరికి?

ముందు సబ్‌స్టిట్యూట్ ఎప్పుడు ఆటగాడవుతాడో తెలుసుకుందాం. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల ప్రకారం, ఆటలోకి రావాలనుకున్నవారు స్వయంగా స్కోరర్ బల్ల దగ్గరికి వెళ్లి అడగాలి. వారి తరఫున కోచ్ అడిగితే చెల్లదు. తర్వాత గీత బయటే ఆగాలి. ఆట నడుస్తున్న సమయంలో, రిఫరీ చేత్తో రమ్మని పిలిచాకే సబ్‌స్టిట్యూట్ ఆటగాడవుతాడు.

ఆ పిలుపు రాకముందు తప్పుగా ప్రవర్తిస్తే, టెక్నికల్ ఫౌల్‌ను కోచ్ పేరు మీద రాస్తారు. ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో ఇస్తారు. ఇది జట్టు ఫౌళ్లలో కలవదు. పిలుపు వచ్చాక అదే తప్పు చేస్తే ఫౌల్ ఆ ఆటగాడి పేరు మీదే పడుతుంది, జట్టు ఫౌళ్లలోనూ చేరుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు క్వార్టర్ల మధ్య విరామంలో, ఆడే అర్హత ఉన్న అందరినీ ఆటగాళ్లుగానే లెక్కిస్తారు. అప్పుడు నోరు జారితే ఫౌల్ సొంత ఖాతాలో పడుతుంది, తర్వాతి క్వార్టర్ జట్టు ఫౌళ్లలో చేరుతుంది.

బెంచీ బాధ్యత కోచ్‌ది కాబట్టే ఈ ఏర్పాటు. బెంచీ వల్ల అలాంటి ఫౌళ్లు మూడు పడితే కోచ్ ఆ మ్యాచ్ నుంచి బయటికి వెళ్లిపోవాలి. తాను ఒక్క మాట అనకపోయినా సరే! కీలక సమయంలో జట్టు తన కోచ్‌ను కోల్పోతుంది.

కోర్టులో కొట్లాట జరిగితే నిబంధన ఇంకా కఠినం. బెంచీ దాటి వెళ్లిన సబ్‌స్టిట్యూట్లను మ్యాచ్ నుంచి పంపేస్తారు. “విడదీయడానికే వెళ్లాం” అన్నా ఒప్పుకోరు. రిఫరీలకు సాయంగా వెళ్లే అనుమతి కోచ్‌కు, సహాయ కోచ్‌కు మాత్రమే. ఎంతమంది బెంచీ దాటినా, అందుకు కోచ్ పేరు మీద పడేది ఒకే టెక్నికల్ ఫౌల్.

కాబట్టి ఈసారి బెంచీ మీద కూర్చున్నప్పుడు రిఫరీ నిర్ణయం నచ్చకపోతే, అరిచే ముందు మన కోచ్ వైపు ఒకసారి చూద్దాం. మన మాటకు లెక్క చెప్పాల్సింది వారే.