రోన్ నది ఒడిలో వరి లంక
ఫ్రాన్స్‌లో ఉన్నా మన డెల్టానే తలపించే కమార్గ్

యానాం: మధ్యధరా తీరమంటే చాలామందికి నీస్, కాన్ బీచ్‌లే గుర్తొస్తాయి. ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లూ అక్కడే ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. అదే దక్షిణ తీరంలో, మార్సెయ్ నుంచి రైల్లో సుమారు గంట వెళితే ఆర్ల్ పట్నం వస్తుంది. అక్కడ రోన్ నది రెండు పాయలవుతుంది.. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలినట్టే! ఆ పాయల నడుమ ఉన్నదే కమార్గ్. చవుడు నేలలు, ఉప్పు మడులు, వరిచేలు. కోనసీమ వాళ్లకు పరాయి చోటనిపించదు.

కొమ్ముల మధ్య కుచ్చులు
ఆర్ల్‌లో రోమన్లు కట్టిన వలయాకార క్రీడాప్రాంగణం చూడాల్సిందే. దాదాపు 1,900 ఏళ్ల నాటిదైనా ఇప్పటికీ అందులో ఎద్దుల పోటీలు జరుగుతున్నాయి. కమార్గ్ పద్ధతిలో ఎద్దును చంపరు. కొమ్ములకు కట్టిన దారాలు, కుచ్చులను కుర్రాళ్లు లాక్కుని పరుగెత్తుతారు. చిత్తూరు జిల్లాలో కనుమనాడు కొమ్ములకు కట్టిన పలకల కోసం ఎగబడే పశువుల పండగ గుర్తుకు రాకమానదు. ఎద్దును చంపే స్పానిష్ తరహా పోటీలూ అక్కడే ఉంటాయి. కాబట్టి టికెట్ కొనేముందు ఏ పోటీయో అడగండి.

ఆ వరి వెనుక..
కమార్గ్‌లో మొదట వరి వేసింది తినడానికి కంటే చవుడు కడగడానికే. మంచినీళ్లు నిలబెడితే ఉప్పు కిందికి దిగుతుంది. ఈ కిటుకు మన డెల్టా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అసలు కథ రెండో ప్రపంచ యుద్ధంలో మొదలైంది. 1939-40లో ఫ్రాన్స్ ప్రభుత్వం తన వలస దేశమైన వియత్నాం నుంచి సుమారు 20 వేల మందిని ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనికి తెచ్చింది. ఎక్కువమందిని బలవంతంగానే తెచ్చారు. ఫ్రాన్స్ ఓడిపోయాక వాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. 1941 నుంచి కొందరిని కమార్గ్ పొలాల్లో దించారు. తిండిగింజల కొరత రోజుల్లో వాళ్ల చేతులమీదే వరి నిలదొక్కుకుంది. దక్కిన కూలి నామమాత్రం. యుద్ధం ముగిశాకా చాలామంది ఏళ్లతరబడి ఇంటిముఖం చూడలేదు. చివరికి 2014లో సలెన్ ద జిరో అనే ఉప్పు మడుల ఊళ్లో వాళ్ల స్మారకం వెలసింది. ఆర్ల్ వెళ్లినవాళ్లు ఓ పూట కేటాయించి దీన్ని చూసి రావాలి.

సముద్ర తీరాన సెంత్ మరీ ఊరి దగ్గర పోన్ ద గో పక్షుల పార్కులో ఫ్లెమింగోలను దగ్గర్నుంచి చూడొచ్చు. సూళ్లూరుపేట, పులికాట్ చూసినవాళ్లకు అవి పాత చుట్టాలే. ఏటా మే 24న ఆ ఊళ్లో జిప్సీలు నల్లని సారా మాత విగ్రహాన్ని తెల్లగుర్రాల నడుమ సముద్రంలోకి మోసుకెళతారు. నిమజ్జనం కాదు, తిరిగి గుడికి చేరుస్తారు. ఆ జిప్సీల పూర్వీకులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. వాళ్ల రోమానీ భాష హిందీ, పంజాబీలకు చుట్టం.

వెళ్లాలంటే షెంజెన్ వీసా కావాలి. ఏప్రిల్, మే నెలలు అనువు. జులై, ఆగస్టుల్లో అయితే దోమలు.. ఆ విషయంలోనూ మన డెల్టాకు ఏమీ తీసిపోదు!