దారి చూపు గురువు

హైదరాబాదు నగరమున తార్నాకకు సమీపమున ఉస్మానియా విశ్వవిద్యాలయము కలదు. అది 1918వ సంవత్సరమున స్థాపింపబడినది. దాని ప్రాంగణమునకు చేరువనే మాణికేశ్వర్ నగర్ అను బస్తీ యున్నది. పల్లెలనుండి వచ్చిన యువకులనేకులు ఇచ్చట చిన్న గదులలో నివసించుచు పోటీ పరీక్షలకు చదువుచుందురు. ఉదయమున పుస్తకములు చేతబట్టి గ్రంథాలయమునకు పోయి, ప్రొద్దుపోయిన పిమ్మట మరలుదురు. తల్లిదండ్రులు పొలము పనులు చేసి పంపిన సొమ్ముతో పలువురి చదువు సాగుచుండును. కావున ఒక్క సంవత్సరము వ్యర్థమైనను వారికి అది చిన్న నష్టము కాదు.

ఇంత శ్రమపడినను కొందరు మరల మరల విఫలులగుటకు కారణమేమి? చాలమంది విషయమున అది చదువక పోవుట కాదు; తామెచ్చట తప్పుచున్నారో తమకు తెలియకపోవుటయే. ఎవరి వీపు వారికి కనబడదు గదా! ఆ తప్పును చూపి సరిదిద్దువాడే మంచి గురువు.

అట్టి గురువు ఒకరు ఈ విశ్వవిద్యాలయమునకు దగ్గరలోని నల్లకుంటలో ప్రసిద్ధి చెందిరి. వారే చుక్కా రామయ్యగారు. వారు 1925లో జనగామ ప్రాంతమందలి గూడూరు గ్రామమున జన్మించిరి. చిరకాలము గణితము బోధించి, ఉద్యోగ విరమణానంతరము ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు విద్యార్థులను సిద్ధము చేయనారంభించిరి. వారివద్ద చేరుటకే ఒక పరీక్ష నెగ్గవలసియుండెను. ఆ పరీక్షకు శిక్షణ నిచ్చు సంస్థలు కూడ వెలసెను! జనులు వారిని ‘ఐ.ఐ.టి. రామయ్య’ అని పిలువసాగిరి. వల్లె వేయుట చదువు కాదనియు, మూలమును గ్రహించుటయే చదువనియు వారి మతము.

ఆ భేదమును ఒక ఉదాహరణముతో తెలిసికొందము. 1, 3, 5 మొదలుగాగల బేసి సంఖ్యలను వరుసగా కూడినచో, సంఖ్యలెన్నియో ఆ లెక్క యొక్క వర్గము వచ్చును. ఈ సూత్రము కంఠస్థము చేసినవాడు, 1 నుండి 99 వరకు ఏబది బేసి సంఖ్యలున్నవి గనుక వాని మొత్తము 2500 అని తడుముకొనక చెప్పును. కాని 11 నుండి 99 వరకు మొత్తమెంత యని యడిగినచో తెల్లబోవును. మంచి గురువు వెంటనే జవాబు చెప్పడు. “మొదటినుండి కూడినచో ఎంత వచ్చును? అందు మనకు అక్కరలేనివి ఏవి?” అని ప్రశ్నించును. శిష్యుడు తానే ఆలోచించి, 1 నుండి 9 వరకు గల అయిదింటి మొత్తమగు 25ను తీసివేసి, 2475 అని చెప్పును. ఆనాటినుండి ఆతడు కొత్త ప్రశ్నకు భయపడడు.

మాదిరి పరీక్ష ముగిసిన పిమ్మట మార్కులు చూచుకొని దుఃఖించుటకు గురువు అవకాశమీయడు. తప్పిన ప్రశ్నలను మూడు తెగలుగా విభజింపజేయును. తెలియక తప్పినవి కొన్ని. తెలిసియు తొందరపాటుచే తప్పినవి కొన్ని. కాలము చాలక విడిచినవి కొన్ని. మొదటివానికి చదువు, రెండవవానికి నిదానము, మూడవవానికి అభ్యాసము మందు. రోగమెరుగక మందు మ్రింగినచో గుణమేమి?

విద్యార్థులారా! పోటీ పరీక్షలలో స్థానములు కొన్నియే. అందరికిని గెలుపు దొరకదు. అయినను ఆలోచింప నేర్చినవాని శ్రమ వృథా కాదు. గురువు దారి చూపును గాని నడువవలసినది మీరే. తప్పును దాచకుడు, సందేహమడుగుటకు సిగ్గుపడకుడు. “నేనెచ్చట పొరబడితిని?” అని శిష్యుడు తన్ను తానే ప్రశ్నించుకొన నేర్చిననాడు గురువు శ్రమ ఫలించినట్లే.