ఎముకల నొప్పి.. మూలం రక్తంలో!

చలికాలం వస్తే చాలామందికి అరకు గుర్తొస్తుంది. పొగమంచు, కాఫీ తోటలు, వలిసె పూలు.. మైదానం నుంచి వెళ్లేవారికి ఆ చలి ఒక ముచ్చట. అదే చలి ఆ కొండల్లో కొందరు పిల్లలకు భరించలేని ఎముకల నొప్పి తెచ్చిపెడుతుంది. కారణం సికిల్‌సెల్ వ్యాధి. తూర్పు కనుమల గిరిజనుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పేరుకు రక్త సమస్యే అయినా బాధంతా ఎముకల్లోనే. ఎందుకిలా? ఇది తెలియాలంటే ముందు ఎముక సంగతి తెలియాలి.

ఎముక రాయి కాదు

ఎముకను మనం ప్రాణంలేని గట్టి కర్రలా అనుకుంటాం. నిజానికి అది సజీవ అవయవం. పైపొర గట్టిగా, లోపల స్పంజిలా ఉంటుంది. ఆ ఖాళీల్లో మూలుగ ఉంటుంది. రక్తకణాలు పుట్టేది ఇక్కడే. సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర కణాలు తయారవుతుంటాయి. పుట్టినప్పుడు దాదాపు 300 ఉండే ఎముకలు కొన్ని అతుక్కుపోయి, పెద్దయ్యేసరికి 206 అవుతాయి. పొడవాటి ఎముకల చివర్లలోని మృదులాస్థి పలకల వద్ద ఎదుగుదల సాగుతుంది. ఈ పనులన్నిటికీ నిరంతరం రక్తం అందాలి.

కొడవలి అడ్డుపడితే..

మామూలు ఎర్ర కణం గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని నాళాల్లోంచీ జారిపోతుంది. సికిల్‌సెల్ బాధితుల్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఇది కొడవలిలా వంగి, బిరుసెక్కి నాళాల్లో ఇరుక్కుపోతుంది. రక్తం అందని చోట ఎముక విలవిల్లాడుతుంది. చలి, ఒంట్లో నీరు తగ్గటం, జ్వరం, అతి శ్రమ దీన్ని ప్రేరేపిస్తాయి. పైగా 120 రోజులు బతకాల్సిన కణాలు 10-20 రోజులకే చనిపోతాయి. మూలుగ ఎంత శ్రమించినా రక్తహీనత తప్పదు. పిల్లల ఎదుగుదలా మందగిస్తుంది.

పసివారిలో 6 నెలల తర్వాత చేతులు, పాదాలు వాచి నొప్పి పుట్టటం తొలి సంకేతం కావొచ్చు. యుక్తవయసులో తుంటి బంతికి రక్తం అందక అది క్రమంగా కుంగిపోవచ్చు. గజ్జల్లో నొప్పి, కుంటటం దీని లక్షణాలు. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎంఆర్‌ఐతో ముందే పట్టుకోవచ్చు.

అన్నీ ‘ఎదుగుదల నొప్పులు’ కావు

పిల్లలు కాళ్లు లాగుతున్నాయంటే చాలామంది కాల్షియం మాత్ర ఇచ్చి ఊరుకుంటారు. మామూలు ఎదుగుదల నొప్పులు సాధారణంగా రెండు కాళ్లలోనూ సాయంత్రం, రాత్రి వేళ వస్తాయి. తెల్లారేసరికి తగ్గిపోతాయి. వాపు, కుంటటం ఉండవు. ఒకేచోట నొప్పి, వాపు, జ్వరం, పాలిపోవటం, కళ్లు పచ్చబడటం ఉంటే మాత్రం వెంటనే డాక్టర్‌కు చూపించాలి. రక్తం తక్కువుందని సొంతంగా ఐరన్ మాత్రలు వేయొద్దు. సికిల్‌సెల్‌లో రక్తహీనతకు ఐరన్ లోపమే కారణం కానక్కర్లేదు.

పరీక్ష తేలికే

సాల్యుబిలిటీ పరీక్షతో అనుమానితులను గుర్తించి, హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో నిర్ధరిస్తారు. కేంద్రం 2023 జులై 1న ప్రారంభించిన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేస్తున్నారు. హైడ్రాక్సీయూరియా మందుతో నొప్పి దాడులు బాగా తగ్గుతాయి. ఫోలిక్ యాసిడ్, టీకాలు, తగినంత నీరు, చలికి వెచ్చని దుస్తులు తోడవ్వాలి. నొప్పి ఉన్నచోట ఐస్ పెట్టొద్దు. ఎముకల బలానికి చోడి అంబలి, పాలు, కాస్త ఎండ మంచివే. కానీ ఇవి మందుకు ప్రత్యామ్నాయం కాదు.

ఒక లోపభూయిష్ట జన్యువే ఉంటే వ్యాధి రాదు, వారు వాహకులు మాత్రమే. మలేరియా తీవ్రత నుంచి కొంత రక్షణ ఇవ్వటంతో అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోయింది. అయితే భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. ఇది గిరిజనులకే పరిమితం కాదు. కుటుంబంలో ఎవరికైనా ఉన్నట్టు తెలిస్తే పెళ్లికి ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకోవటం మంచిది. జాతకాలతో పాటు ఈ ఒక్క కాగితమూ చూసుకుంటే పుట్టబోయే బిడ్డకు ఎంతో బాధ తప్పుతుంది.