నాదవర్ధక యంత్రము - స్వరశుద్ధి

హార్మోనియమును తబలాయు మ్రోగెడి భజనమందిరములకు నేడు మన పిల్లలు గిటారును గూడ తెచ్చుచున్నారు. దానివెంట ఆంప్లిఫయరను నాదవర్ధక యంత్రమును వచ్చుచున్నది. అది కర్ణకఠోరముగా మ్రోగినప్పుడు పెద్దలు వాద్యమును నిందింతురు. పిల్లలు మరింత పెద్ద యంత్రమునకై చందా లడుగుదురు. రెండును సరికావు. యంత్రమును బాగుచేయుట యనగా బిగ్గరగా మ్రోగించుట కాదు, స్పష్టముగా వినిపించుట. ఈ ప్రసంగమునకు విషయ మదియే.

వీణకు నాదమును పెంచు కుండ యున్నది. విద్యుద్గిటారుకు సాధారణముగా నట్టిది లేదు. తంత్రుల క్రింద, సన్నని రాగితీగ చుట్టిన అయస్కాంత మొకటి యుండును; దానిని పికప్పందురు. ఉక్కుతంత్రి కంపించినప్పుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి స్పీకరున కందించును. కావున ఈ వాద్యమునకు ఆంప్లిఫయరు, స్పీకరు కలిసియే కుండ యనవచ్చును. కుండ చెడిన వీణ యెట్లు పలుకును?

దీనికి మన తెలుగునాట మాండలిన్ శ్రీనివాస్‌గారే తార్కాణము. వారు 1969లో పాలకొల్లున జన్మించి, 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలి కచేరి చేసిరి. సామాన్యమగు మాండలిన్ నాదము మీటినంతనే యారిపోవును. గమకమునకో నిలుకడ కావలెను. వారు నాలుగు జంటతంత్రులకు మారుగా ఐదు ఒంటితంత్రులు గల విద్యుత్ మాండలినును చేపట్టిరి. వ్రేలిజారుడు సైతము వినబడునట్లు కర్ణాటక సంగీతమును దానిపై పలికించి, 2014లో దివంగతులైరి. అచట యంత్రము కేకకు గాక సూక్ష్మతకు దోడ్పడినది.

ఇక ధనవ్యయము మాట. 50 వాట్ల యంత్రమును విడిచి 100 వాట్లది కొన్నచో పెరుగునది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదింతల శక్తి కావలెను. అదే శక్తికి 3 డెసిబెళ్లు హెచ్చుగా పలుకు మంచి స్పీకరును బిగించినచో ఆ ఫలమే లభించును, స్వరగుణమును మారును. కావున ముందుగా మార్చదగినది స్పీకరు. యంత్రముపై 8 ఓములని యున్నచో స్పీకరును 8 ఓములదే కావలెను. గిటారు స్పీకరు హెచ్చు స్థాయి ధ్వనులను సరిగా పలుకదు. గాయకుని కంఠమునకు వేరు స్పీకరు పెట్టుట మేలు.

తరువాత స్వరమును కుదుర్చు విధము. మంద్ర, మధ్య, తార ధ్వనుల బొడిపెలను, అనగా బాస్, మిడిల్, ట్రెబుల్‌లను, నడుమ నుంచవలెను. గట్టిగా మీటినను బరబర రానంతవరకు గెయిన్ పెంచి, ఆపైన మొత్తపు ధ్వనిని హెచ్చింపవలెను. స్పీకరు గదిమూల నున్నచో మంద్రధ్వని ఉబ్బును. ముందు దానిని మూలనుండి జరుపుడు, పిదప బాస్ తగ్గింపుడు. పాట మాటలు మరుగుపడినచో గాయకుని ధ్వని పెంచుటకు మారుగా గిటారు మిడిల్‌ను కొంత తగ్గింపుడు. చెవిని గ్రుచ్చినచో ట్రెబుల్ తగ్గింపుడు. పెంచుటకన్న తగ్గించుట మేలని యెరుగుడు.

కూత పుట్టుటకు స్పీకరు ధ్వని తిరిగి మైకులోనికి పోవుటయే కారణము. స్పీకరును మైకునకు ముందుగా, శ్రోతల వైపునకు త్రిప్పి యుంచవలెను. ఝుమ్మను రొద యుండినచో ఎర్తుతీగను పరీక్షింపించుడు. దానిని తొలగించుట ప్రాణాపాయము. పాత గాజువాల్వుల యంత్రములలో తీగ ఊడదీసిన పిమ్మటను విద్యుత్తు నిలిచియుండవచ్చును. వానిని మెకానిక్కే విప్పవలెను.

మా చెన్నూరు చెంత గోదావరి యుత్తరవాహినియై ప్రవహించును. ప్రశాంతమైన రాత్రి నీటిమీదుగా శబ్దము బహుదూరము పోవును. ఆవలి రోగికి, చదువుకొను బాలునకు మన భజన బాధ కారాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు సామాన్యముగా రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బహిరంగమున లౌడుస్పీకర్లను నిషేధించినవి.

కావున చందా వసూలునకు ముందు మీలో నొకరు కడపటి వరుసలో కూర్చుండి వినుడు. పాటలోని ప్రతి మాటయు తెలిసినచో యంత్రము చాలును. తెలియనిచో ముందు బొడిపెలను సవరింపుడు, పిదప స్పీకరును చూడుడు. క్రొత్త యంత్రము మాట అన్నిటికిని కడపట.