అమెరికా చట్టాల్లో ఆగిపోయిన అంకెలు

గంటకు 7.25 డాలర్లు. అమెరికా ఫెడరల్ చట్టం నిర్ణయించిన కనీస వేతనం ఇది. 2009 జులై 24న అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత ఒక్క సెంటూ పెరగలేదు. 1938లో 25 సెంట్లతో ఈ చట్టం మొదలైంది. అప్పటి నుంచి చూస్తే వేతనం ఇన్నేళ్లపాటు పెరగకుండా ఉండటం ఇదే మొదటిసారి.

ఈలోగా ధరలు సుమారు 50 శాతం పెరిగాయి. 2009లో 7.25 డాలర్లకు వచ్చిన సరుకులకు ఇప్పుడు పదిన్నర డాలర్లకు పైగా పెట్టాలి. జీతం తగ్గిస్తూ ఎవరూ చట్టం చేయలేదు. అయినా కార్మికుడి చేతికొచ్చే విలువలో దాదాపు మూడో వంతు కరిగిపోయింది. వారానికి 40 గంటలు, ఏడాదిలో 52 వారాలూ మానకుండా పనిచేసినా వచ్చేది 15,080 డాలర్లే.

ముప్పై రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ వేతనం సొంతంగా పెట్టుకున్నాయి. మిగిలిన 20 రాష్ట్రాల్లో ఫెడరల్ అంకే ఆధారం. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా ఈ 20లోనే ఉన్నాయి.

అమెరికాలో సామాన్యులు ప్రభుత్వం గురించి చెప్పుకునే బాధల్లో చాలావాటికి మూలం ఇలాంటి అంకెల్లోనే దొరుకుతుంది. చట్టంలో ఒకసారి రాసేశారు, ధరలతో పాటు పెరిగే ఏర్పాటు పెట్టలేదు. ఇక దాన్ని మార్చాలంటే కాంగ్రెస్ మళ్లీ ఓటు వేయాలి. ఆ ఓటు పడదు.

2,000 డాలర్లు: పొదుపు చేస్తే సాయం పోతుంది

పేద వృద్ధులకు, వికలాంగులకు ఫెడరల్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయాన్ని ఎస్‌ఎస్‌ఐ అంటారు. 2025లో ఒంటరి వ్యక్తికి గరిష్ఠంగా నెలకు 967 డాలర్లు. ఈ మొత్తం ధరలను బట్టి ఏటా పెరుగుతుంది. కానీ సాయం అందుకునేవారి దగ్గర ఉండదగ్గ ఆస్తికి ఒక హద్దుంది. ఉంటున్న ఇల్లు, ఒక కారు మినహాయిస్తే 2,000 డాలర్లు మించకూడదు. దంపతులకైతే 3,000. ఈ హద్దు 1989 నుంచి కదలలేదు. ధరల ప్రకారం పెంచి ఉంటే ఈపాటికి 5,000 దాటేది. నెల మొదట్లో బ్యాంకులో అంతకంటే కాస్త ఎక్కువున్నా ఆ నెల సాయం రాదు. రేపు వీల్‌చెయిర్ పాడైతే బాగుచేయించుకుందామని నాలుగు డబ్బులు వెనకేసుకునే వికలాంగుడికి ఇదెంత అన్యాయం!

18.4 సెంట్లు: రోడ్లకు చాలని పన్ను

గాలన్ పెట్రోలు మీద ఫెడరల్ పన్ను 18.4 సెంట్లు. 1993 నుంచి అంతే. అప్పటి 18.4 సెంట్లతో అయ్యే పనికి ఇప్పుడు 40 సెంట్లు కావాలి. జాతీయ రహదారులకు, వంతెనలకు ప్రధాన ఆధారం ఈ పన్నే. అది చాలక 2008 నుంచి సాధారణ ఖజానా నుంచి 25,000 కోట్ల డాలర్లకు పైగా రోడ్ల నిధికి మళ్లించారు. పన్ను పెంచని రాజకీయ నాయకుడికి పేరొస్తుంది, భారం మాత్రం మరో దారిలో ప్రజలకే చేరుతుంది.

1,40,000, 7 శాతం: గ్రీన్‌కార్డు క్యూ

మన ఇళ్లలో అందరికీ తెలిసిన బాధ ఇది. ఉద్యోగం ఆధారంగా ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. ఐస్‌లాండ్‌కైనా భారత్‌కైనా అదే హద్దు. 1990 చట్టం పెట్టిన లెక్క ఇది, అప్పటి అమెరికా జనాభా సుమారు 25 కోట్లు. భార్య లేదా భర్త, పిల్లలు కూడా ఈ కోటాలోనే లెక్క. ఉన్నత విద్యావంతులకు ఉద్దేశించిన ఈబీ-2 తరగతిలో భారతీయుల వాటా ఏడాదికి దాదాపు 2,800. ఇతరులు వాడుకోకుండా మిగిలినవి ఉంటేనే అదనం. అందుకే 2025 వేసవిలో ఈ క్యూ 2013 జనవరి 1 తేదీ దగ్గర నిలిచింది, అంటే అంతకుముందు దరఖాస్తు పడినవారికే వంతు వచ్చింది. తల్లిదండ్రుల వంతు రాకముందే 21 నిండిన పిల్లలు, తాము పెరిగిన దేశంలోనే మరో వీసా వెతుక్కోవాల్సి వస్తోంది.

మార్చే ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. 2019 జులైలో దేశాలవారీ హద్దు ఎత్తివేసే బిల్లును ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఏకగ్రీవంగా ఒప్పుకుంది. రెండింటినీ కలిపేలోగా ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. ఉభయ సభలూ సరేనన్నా చట్టం కాలేదు.

60: అసలు తాళం ఇక్కడే

సెనేట్‌లో 100 మంది సభ్యులు. మామూలు బిల్లుకు 51 ఓట్లు చాలు. కానీ చర్చ ముగించి ఓటింగుకు వెళ్లాలంటే 60 మంది ఒప్పుకోవాలి. 41 మంది పట్టుబడితే బిల్లు అక్కడే ఆగుతుంది. రాజ్యాంగంలో ఈ నిబంధన లేదు, సెనేట్ తనకు తాను పెట్టుకున్నది. 1917లో మూడింట రెండు వంతులుగా మొదలై, 1975లో 60కి మారింది. 2014 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని 10.10 డాలర్లకు పెంచే బిల్లుకు అనుకూలంగా 54, వ్యతిరేకంగా 42 ఓట్లు వచ్చాయి. అయినా వీగిపోయింది.

ఎన్నిక ఎన్నికకూ చట్టాలు తలకిందులు కాకుండా, మైనారిటీ పక్షం మాటకు విలువ ఉండేలా ఈ నిబంధన కాపాడుతుందని సమర్థకులు అంటారు. ఆ వాదనలో బలముంది. కానీ ధరలు ఏటా పెరిగే చోట బిల్లును ఆపడమంటే ఉన్న స్థితిని కాపాడటం కాదు. 7.25ను ముట్టుకోని ప్రతి ఏడూ ఒక వేతన కోతే.

పరిష్కారం తెలిసిందే

మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల డీఏను ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు. అమెరికాకూ ఈ పద్ధతి కొత్త కాదు. 1972 చట్టంతో సోషల్ సెక్యూరిటీ పింఛనుకు ఇదే ఏర్పాటు చేశారు, 1975 నుంచి అది ధరలతో పాటు పెరుగుతోంది. ఆదాయపు పన్ను స్లాబులకూ 1985 నుంచి ఈ పద్ధతే. వీటిని ఏటా పెంచడానికి 60 ఓట్లు వెతకనక్కర్లేదు.

కనీస వేతనం విషయంలో వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 1998లోనే ఈ పని చేశారు. ధరలతో పాటు వేతనం పెరగాలని ప్రజాభిప్రాయ ఓటింగులో నిర్ణయించారు. 2025లో అక్కడ గంటకు 16.66 డాలర్లు. సరిహద్దు దాటి పక్కనున్న ఐడహోలో అడుగుపెడితే 7.25. కాబట్టి ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని ఎంత పెంచుతారని అడిగితే సరిపోదు. ఆ తర్వాత ప్రతి ఏడూ దానంతటదే పెరిగేలా చట్టంలో రాస్తారా లేదా అని కూడా నిలదీయాలి. ఆ వాక్యం లేకపోతే ఈరోజు గెలిచిన పెంపు పదిహేనేళ్లలో మళ్లీ కరిగిపోతుంది.