జంట యంత్రములలోని లెక్కలు చెడినచో

గ్రామ పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు కంప్యూటరులలో చేరుట మన సభ్యులకు క్రొత్త విషయము కాదు. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ స్వరాజ్ ప్రారంభమైన పిమ్మట ఇది మరింత స్పష్టమైనది. పుస్తకము కంటికి కనబడదు గనుక, అది చెడినచో ఏమగును అను సందేహము కలుగుట సహజము. "రెండు యంత్రములు జంటగా నున్నవి, ఒకటి చెడినను రెండవది పని చేయును" అని పలువురు సమాధానము చెప్పుదురు. అందు సగమే నిజము. తక్కిన సగమును ఇచ్చట వివరింప దలచితిమి. ఇందులకు మైక్రోసాఫ్టు వారి ఎస్.క్యూ.ఎల్. సర్వరును ఉదాహరణముగా గైకొందము. మన పంచాయతీ లెక్కలు దానియందే యున్నవని మా భావము కాదు.

జంట యంత్రముల ఏర్పాటును క్లస్టరు అందురు. ఒక కచేరీలో ఇద్దరు గుమాస్తాలున్నారనుకొనుడు. ఒకరికి జబ్బు చేసినచో రెండవవారు కలము పట్టుదురు. కాని చిట్టా పుస్తక మొక్కటే. దానికి చెదలు పట్టినచో గుమాస్తాను మార్చినంత మాత్రమున ఏమి లాభము? సాధారణమైన క్లస్టరులో యంత్రములు రెండైనను, లెక్కలుండు డిస్కుల నిల్వ ఉమ్మడిది. యంత్రము ఆగిపోవు ప్రమాదమునుండి మాత్రమే క్లస్టరు రక్షించును.

ఇక చెడుట యెట్లు తెలియును? ఈ సర్వరు లెక్కలను 8 కిలోబైట్ల పుటలుగా విభజించి వ్రాయును. 2005 నాటి కూర్పునుండి ప్రతి పుటకును ఒక సరిచూపు సంఖ్యను చేర్చు ఏర్పాటు కలదు. చిట్టాలో పుట అడుగున మొత్తము వేయుట వంటిదే ఇది. చదువునప్పుడు మొత్తము కుదరనిచో 824 అను సంఖ్యతో దోషము ప్రకటితమగును. చదువుటకే వీలులేదని ఆపరేటింగ్ సిస్టము చెప్పినచో 823 వచ్చును. 825 అనునది వీనికంటె మెత్తనిది. మొదట చదువలేక, మరల ప్రయత్నింపగా చదువ గలిగితినని దాని యర్థము. పని సాగిపోవుచుండును గనుక దీనిని ఎవరును లక్ష్యపెట్టరు. మా అభిప్రాయమున అన్నిటికంటె ముందుగా లక్ష్యపెట్టవలసినది ఇదియే; డిస్కు పూర్తిగా చెడక పూర్వమే వచ్చు హెచ్చరిక యిది.

దోషమున్న పుటల సంఖ్యలు ఎం.ఎస్.డి.బి. అను భాగములోని అనుమానిత పుటల పట్టికలో నమోదగును. అప్పుడు పనిని రెండవ యంత్రమునకు మార్చి అదే పుటను చదివించి చూతురు. అచ్చట సరిగా వచ్చినచో, మొదటి యంత్రపు జ్ఞాపకమునో, తీగనో, డ్రైవరునో శంకింపవలెను. రెండింటను చెడియే కనబడినచో నష్టము డిస్కుమీదనే యున్నది. అయినను మొదటి యంత్రము నిర్దోషి యని తలపరాదు. చెడిన పుటను వ్రాసినది అదియే కావచ్చును.

తరువాత డి.బి.సి.సి. చెక్ డి.బి. అను ఆజ్ఞతో అన్ని పుటలను పరీక్షింపవలెను. దాని నివేదిక చివర, ఏ మరమ్మతు కనీసముగా అవసరమో వ్రాయబడి యుండును. అనుభవము లేనివారు దీనిని వైద్యుని సలహాగా గ్రహించి తొందరపడుదురు. "రిపేర్ అలౌ డేటా లాస్" అను మరమ్మతు పేరులోనే డేటా పోవునని యున్నది. అది చెడిన పుటను తీసివేసి, మిగిలినదానిని అతుకును. ఆ పుటలో ఒక వృద్ధుని పింఛను చెల్లింపో, ఒక ఇంటి పన్ను రసీదో యున్నచో అదియును పోవును. లెక్క మాత్రము పైకి చక్కగా కనబడును. అన్ని దారులును మూసికొనిన పిదప గాని దీనిని తలపెట్టరాదు.

నివేదికలో ఇండెక్సు సంఖ్యను ముందు చూడవలెను. 2 గాని అంతకు పైబడి గాని యున్నచో, చెడినది సాధారణముగా వెదకుటకు సహాయపడు సూచిక మాత్రమే. దానిని తొలగించి తిరిగి కట్టవచ్చును. 0 గాని 1 గాని అయినచో అసలు లెక్కయే చెడినది. అప్పుడు మొట్టమొదట, చివరి క్షణమువరకు జరిగిన మార్పుల లాగును భద్రపరచుకొని, పిమ్మట పాత ప్రతినుండి ఆ పుటను మాత్రము తెచ్చి నిలిపి, తదుపరి లాగులను వరుసగా చేర్చవలెను. పూర్తి లాగులు ఉంచుకొను పద్ధతిలో నున్న లెక్కలకే ఇది సాధ్యము.

2012 కూర్పుతో వచ్చిన అవైలబిలిటీ గ్రూపులలో ప్రతి యంత్రమునకును తన సొంత ప్రతి యుండును. కొన్ని దోషములలో చెడిన పుటకు బదులు మంచి పుట తోటి యంత్రమునుండి తానుగా వచ్చును. అయినను పొరపాటున తుడిచివేసిన పద్దు అన్ని ప్రతులలోను తుడుచుకొనిపోవును.

సభ్యులు ఈ ఆజ్ఞలను స్వయముగా నేర్వనక్కరలేదు. లెక్కలను నిర్వహించు వారిని ఒక్క ప్రశ్న అడిగిన చాలును: ప్రతినుండి లెక్కలను వేరొక యంత్రముపై చివరిసారి నిలిపి, పరీక్షించి చూచిన తేదీ యెప్పుడు? ప్రతి తీయుట వేరు, అది పనికివచ్చునని చూచుట వేరు. అరుదుగా చదువబడు పుట చెడి నెలలు గడచినను తెలియకపోవచ్చును. సరిచూపు కోరక తీసిన ప్రతులలోనికి ఆ చెడిన పుటయే ప్రతిసారియు నిశ్శబ్దముగా చేరుచుండును. అందుచేత నిన్నటి ప్రతితోపాటు కొన్ని నెలల నాటి ప్రతులను గూడ వేరొక చోట నుంచుట అవసరము.