టెక్నో సంగీతం: అభిమానుల సిఫారసులు – మూలస్మృతి

టెక్నో సంగీతంలో సాహిత్యం పాలు స్వల్పం. అందువల్ల అభిమానులు ఒకరికొకరు పాటలను సూచించుకొనేటప్పుడు లయ, నాదగుణాలతోపాటు కృతి పుట్టిన నగరాన్నీ, సంవత్సరాన్నీ ప్రస్తావిస్తారు. ఈ ప్రస్తావనల ద్వారానే ఆ సంగీత చరిత్ర కొత్త శ్రోతలకు అందుతుంది.

అమెరికాలోని డెట్రాయిట్ సమీపాన, బెల్‌విల్‌లో కలిసి చదువుకొన్న ముగ్గురు నల్లజాతి యువకులు జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ 1980లలో ఈ రీతికి రూపమిచ్చారు. ఆట్కిన్స్ ‘మోడల్ 500’ పేరిట 1985లో ‘నో యూఫోస్’ వెలువరించాడు. 1988లో బ్రిటన్‌లో వెలువడిన డెట్రాయిట్ సంకలనంతో ‘టెక్నో’ అనే పేరు ఐరోపాలో స్థిరపడింది. 1991లో బెర్లిన్‌లో ప్రారంభమైన ట్రెసార్ క్లబ్బు డెట్రాయిట్ కళాకారులకు ప్రధాన వేదికైంది.

2024లో జర్మనీ బెర్లిన్ టెక్నో సంస్కృతిని తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ గుర్తింపు సముచితమే. అయితే టెక్నో అనగానే బెర్లిన్ ఒక్కటే స్ఫురించే స్థితి ఏర్పడితే, దాని సృష్టికర్తలు మరుగున పడే ప్రమాదముంది. ఏది ఉత్తమ కృతి అన్న విషయంలో అభిమానులకు ఏకాభిప్రాయం ఉండనవసరం లేదు. కానీ “ముందు ఆట్కిన్స్‌ను వినండి” అని ఒక అభిమాని చెప్పినప్పుడు, అది అభిరుచితోపాటు కర్తృత్వాన్నీ నిలబెడుతుంది. మౌఖిక సంప్రదాయాలను అధ్యయనం చేసే పరిశోధకులు ఇటువంటి సిఫారసులను కూడా ఆధారాలుగా పరిగణించడం అవసరం.